తొక్కించుకున్న మెడ

మెడనొప్పితో చచ్చినవాడు మా తాలూకాలో ఎవడూ లేడు. అందుకే ఇది రాద్దామనుకున్నప్పుడు ముందు నాకే నవ్వొచ్చింది. ప్లేగు వచ్చి బతికినవాళ్లున్నారు, పాము కరిచి బతికినవాళ్లున్నారు. వాళ్లు రాసుకోవాలి గాని, మెడ పట్టుకుని మంచమెక్కిన పటేలుకు రాయడానికేముంటుంది? అయినా రాస్తున్నాను. ఇప్పుడు మెడ కుడివైపు బాగానే తిరుగుతుంది, ఎడమవైపు సగం తిరుగుతుంది, వేళ్ల మధ్య కలం నిలుస్తుంది. చెయ్యి ఆడుతున్నప్పుడే రాయకపోతే ఇక రాయనని నాకు తెలుసు. ఇందులో వైద్యం సంగతి కొంత ఉంది. మిగతాదంతా నేను చేసిన సిగ్గుమాలిన పని.

మా ఊరు ఎల్లారెడ్డికి రెండు కోసుల దూరం. చెరువు కింద పొలం, పైన మెట్ట చెలకలు, తాతల నాటి నుంచి ఊరి పటేల్‌గిరీ మా ఇంట్లోనే. ఈ కథ జరిగేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. చావడిలో నేను ఒక మాటంటే దాని మీద ఇంకో మాట ఉండేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

యుద్ధం మొదలైన ఏడు, మాఘం

యాభై దాటినప్పటి నుంచీ మెడ తిప్పితే లోపల ఇసుక నలిగిన చప్పుడయ్యేది. వయసు మీద పడుతోందిలే అనుకుని ఊరుకున్నాను. ఆ మాఘమాసం ఒక పొద్దున లేచేసరికి మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడాల్సి వచ్చేది. మా చిన్న మనవరాలు నా వెనకే భుజాలు బిగించుకుని నడుస్తూ ఇంటిల్లిపాదినీ నవ్వించింది. నేను కసిరాను. కసిరినందుకు మెడ ఇంకో రెండు రోజులు ఎక్కువ నొప్పి పెట్టింది.

మా ఇంటామె రాజవ్వ ఉప్పు మూటలతో కాపడం పెట్టింది. వావిలాకు ఉడికించి కట్టింది. గొర్లు కాసే ముసలాయన ఒకడు వచ్చి పసుపుకొమ్ము కాల్చి వాత పెడతానన్నాడు. వాణ్ని గేటు దాకా నేనే సాగనంపాను. పదిహేను రోజులు చూసి ఎల్లారెడ్డి హకీం దగ్గరికి పోయాను.

హకీం దుకాణం ముందు బల్ల మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. లోపలికి పిలిచాక ఆయన రెండు వేళ్లతో మెడ వెనక ఒత్తి చూశాడు.

"ఉమర్ అయింది పటేల్ సాబ్. ఎముకలు అరుగుతయి. ఈ నూనె రాయి, వేడి పెట్టు, దిండు తీసెయ్. రెండు నెలలు సబర్ చెయ్, ఓపిక పట్టు" అన్నాడు.

సబర్ చెయ్యమని నేను జనానికి చెబుతాను. నాకెవరూ చెప్పి ఎరుగరు. నూనె బుడ్డి తెచ్చుకున్నాను, పది రోజులు రాశాను, కొంచెం తగ్గింది. ఆ కొంచెం నాకు చాలలేదు. ఇప్పుడు తలచుకుంటే హకీం చెప్పినదానికీ తర్వాత డాక్టరు చెప్పినదానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నా తొందరలోనే ఉంది.

ఫాల్గుణం

తహసీల్దార్ ఊళ్లు చూడటానికి దౌరాకు వస్తున్నాడని కబురొచ్చింది. పటేలు ఎదురెళ్లాలి, వంగి సలాం చెయ్యాలి, గంటలకొద్దీ నిలబడి అటు అడిగినదానికీ ఇటు అడిగినదానికీ జవాబు చెప్పాలి. నాకేమో నొప్పి భుజంలోకి దిగి, అక్కడి నుంచి బొటనవేలి దాకా పాకింది. రుమాలు చుట్టుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు, రాజవ్వ చుట్టేది. వంగని పటేలును చూసి తహసీల్దార్ ఏమనుకుంటాడోనని నాకు భయం పట్టుకుంది.

"శాంతమ్మను పిలువరాదా? ఎందరి నడుములు మంచిగ చేసింది" అంది రాజవ్వ.

మా వైపు ఒక నమ్మకం ఉంది. పుట్టేటప్పుడు కాళ్లు ముందు బయటికొచ్చినవాళ్లు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందని. నొప్పి ఉన్నవాళ్లు గడప పక్కన బోర్లా పడుకుంటారు, వాళ్లు ఎడమకాలు మూడుసార్లు మోపుతారు, అంతే. శాంతమ్మ అలా పుట్టిన మనిషి, ఊళ్లో కాళ్ల పిల్ల అనేవాళ్లు. ఊరి బయటి వాడలో ఉండేది. వాళ్ల పెద్దల కాలంలోనే కిరస్తానం తీసుకున్నారు. నాట్లకూ కోతలకూ మా పొలానికే వచ్చేది. ఆమె నాటిన వరి నేను తినేవాణ్ని. ఆమె మాత్రం మా గడప దాటి లోపలికి రాకూడదు.

"దాని కాలు నా మెడ మీద పెట్టించుకోవాల్నా?" అన్నాను.

"నొప్పి నీదా, నాదా?" అంది రాజవ్వ.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు నేనే కబురు పెట్టమన్నాను. ఇంటికి కాదు, ఊరి చివరి మా పశువుల కొట్టానికి. తెల్లవారుజామున, జనం లేవకముందు. జీతగాణ్ని ముందే మోట తోలడానికి పంపేశాను. కొట్టంలో గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసి బోర్లా పడుకున్నాను. శాంతమ్మ వచ్చి దూరంగా నిలబడింది.

"నడుమైతే తొక్కుత పటేలా. మెడ తొక్కరాదు. మా అవ్వ మొదలే చెప్పింది" అంది.

"నడుము నొప్పి లేదు నాకు. మెడనే తొక్కు."

"మెడల పానం ఉంటది. నాకు భయమైతది పటేలా."

"చెప్పింది చెయ్."

ఆమె కాలి బొటనవేలు తగిలీ తగలనట్టు ఆనించి తీసేసింది. ఇంకోసారి అలాగే చేసింది. నాకు కోపమొచ్చింది. ఇంత దిగజారి పడుకున్నాక ఊరికే లేచిపోవడానికి మనసు ఒప్పలేదు.

"గట్టిగ తొక్కు. నేను చెప్తున్న గదా" అన్నాను.

"వద్దు పటేలా."

"తొక్కుతవా, దేవయ్యను పిలిపియ్యాల్నా?"

దేవయ్య ఆమె మొగుడు. నేను పిలిపిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. మూడోసారి ఆమె బరువు మోపింది. లోపల ఏదో టక్కుమంది. లేచి చూస్తే మెడ తిరిగింది.

ఆ సంతోషంలో కూడా నేను ఆమెతో అన్న మొదటి మాట, "ఇది బయట పడొద్దు. నీ మొగనికి గూడ చెప్పకు" అని.

"చెప్ప పటేలా" అని ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

తహసీల్దార్ ముందు పట్టులా వంగి సలాం చేశాను. ఆయన నా ఆరోగ్యం అడిగాడు, బాగుందన్నాను. మూడో రోజు మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచుతుంటే ముక్క చేతిలోంచి జారింది. ఏరుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. లేచి నాలుగడుగులు వేసి వాకిట్లో పడిపోయాను.

చైత్రం

మంచంలో పడుకుని వాకిట్లోకి వచ్చేపోయేవాళ్ల మాటలు వినడం తప్ప నాకు పని లేకుండా పోయింది. ఒక రోజు జీతగాడు ఎవరితోనో అంటున్నాడు, ఆ పొద్దు మరిచిపోయిన మోకు కోసం వెనక్కి వస్తే శాంతమ్మ కొట్టంలోంచి బయటికి రావడం చూశానని. సాయంత్రానికి ఆ మాటకు కాళ్లొచ్చాయి. పటేలుకు బాణామతి చేశారని, కొట్టంలో ఏదో పాతిపెట్టారని, అందుకే చెయ్యి పడిపోయిందని.

రాజవ్వ నా పక్కన కూర్చుని, "నోరు తెరువరాదా? ఆ పిల్లను చంపుతరు" అంది.

"నువ్వు నోరు మూస్తవా" అన్నాను.

పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమె నా మాట కాదన్నది లేదు. ఆరోజు కూడా కాదనలేదు. కాని ఆరోజు నుంచి అన్నం నా ముందు పెట్టి పక్కగదిలోకి పోయేది. నా ఎడమచేత్తో నేనే కలుపుకుని, సగం ఒంటి మీద పోసుకుని తినేవాణ్ని.

రెండు రోజుల తర్వాత నన్ను మంచంతో సహా చావడికి మోసుకుపోయారు. శాంతమ్మనూ దేవయ్యనూ ఎండలో నిలబెట్టారు. ఊరి పెద్దల్లో ముసలివాడు నర్సన్న లేచి అడిగాడు.

"పటేలా, ఈమె మీ కొట్టంలకు ఎందుకొచ్చింది? నువ్వు పిలిచినవా?"

అందరూ నావైపు చూశారు. ఆమె కాలు నా మెడ మీద ఉన్నదని ఊరంతా తెలుస్తుంది. వాడ మనిషి కాళ్ల కింద పటేలు బోర్లా పడుకున్నాడని పిల్లలు పాటలు కడతారు. నా తలలో ఆ ఒక్క సంగతే తిరిగింది. ఆమె ఏమవుతుందన్నది తిరగలేదు.

"నాకు తెల్వది" అన్నాను.

నర్సన్న ఆమెను అడిగాడు. ఆమె ఒకటే అంది. "పటేల్నే అడుగుండ్రి."

ఆమె మాట నిలబెట్టుకుంది. చెప్పనని నాతో అన్నది కదా, చెప్పలేదు. నేను మెడ తిప్పలేను కనుక ఆమె ముఖం చూడక్కరలేకపోయింది. ఆ నొప్పికి నేను ఋణపడింది ఆ ఒక్క నిమిషమే.

వాళ్ల గుడిసెలో కుండలు పగలగొట్టారు. ఎవరూ కూలికి పిలవొద్దని, బావి దగ్గరికి రానివ్వొద్దని తీర్మానించారు. మధ్యాహ్నానికి ఇద్దరూ మిగిలిన గిన్నెలు మూట కట్టుకుని కామారెడ్డి బాట పట్టారని తెలిసింది. ఆమె తల్లి ముసలిది, నడవలేదు, ఊళ్లోనే ఉండిపోయింది.

జ్యేష్ఠం

చెయ్యి రోజురోజుకూ సన్నబడుతుంటే రాజవ్వ అన్న వచ్చి, ఇంక కామారెడ్డి దవాఖానకు పోవాల్సిందేనని పట్టుబట్టాడు. ఎల్లారెడ్డి దాకా బండిలో, అక్కడి నుంచి మోటారులో. ప్రతి గుంతకూ నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజవ్వ నా తల రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

దవాఖాన వసారాలో జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ పటేలు అని ఎవరికీ తెలియదు. సదాశివనగర్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన నన్ను చూసి తన తువ్వాలు చుట్ట చుట్టి మెడ కింద పెట్టాడు. కడుపులో పుండుతో వచ్చాడట. "జర ఆనుకో అన్నా, పానం తేలికైతది" అన్నాడు. ఆయన కులం ఏమిటో నేను అడగలేదు. అడగకుండా ఒకరి బట్ట మీద తల పెట్టడం నా బతుకులో అదే మొదలు. పక్కనున్న స్టేషన్లో రెండు రైళ్లు వచ్చిపోయాక మా వంతు వచ్చింది.

డాక్టరు హైదరాబాదు మనిషి. సూదితో వేళ్లు గుచ్చి చూశాడు, మోచేతి మీద కొట్టి చూశాడు. మెడ ఎముకలు అరిగి నరం నలుగుతోందని, కోత అక్కర్లేదని చెప్పాడు. తలకు తోలు పట్టీ తొడిగి, తాడు కప్పీ మీదుగా వేసి, బరువు కట్టి మెత్తగా లాగుతామన్నాడు. అంతకుముందు కాపడం పెట్టాలన్నాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. కంపౌండర్ పట్టీ తెచ్చాడు. వేడి తవుడు మూటలు పట్టుకుని ఒక ఆడమనిషి వచ్చింది.

రాజవ్వ నోటి నుంచి "శాంతమ్మా" అని వచ్చింది. వాళ్ల చర్చి పెద్ద ఎవరో చెప్పి ఆమెకు దవాఖానలో పని ఇప్పించారట, దేవయ్య స్టేషన్లో మూటలు మోస్తున్నాడట. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

డాక్టరు పట్టీ చేతిలోకి తీసుకుంటూ అడిగాడు. "పటేల్ సాబ్, ఈ మెడను ఎవరైనా లాగిండ్రా? తొక్కిండ్రా?"

"లేదు సాబ్" అన్నాను. ఆమె తలాపున నిలబడి ఉండగానే అన్నాను.

ఆమె మూటలు కింద పెట్టింది.

"తొక్కిన్రు సార్. నేనే తొక్కిన. మెడ మీదనే."

డాక్టరు చేతిలో పట్టీ అలాగే ఆగింది. ఆ తర్వాత పదిమంది రోగుల ముందు ఆమెను తిట్టాడు. మెడ తొక్కుతారా, మనిషిని చంపుతావా, బుద్ధి ఉందా, దవాఖానలో నీకు పని ఎవరిచ్చారు. ఆమె తల వంచుకుని నిలబడింది. తొక్కమన్నది నేనని అనలేదు. వద్దని మూడుసార్లు మొత్తుకున్నానని అనలేదు. నేను కళ్లు మూసుకుని నొప్పితో ఉన్నవాడిలా పడుకున్నాను.

"ఆ మాట తెలియకపోతే ఇప్పుడే బరువు కట్టేవాణ్ని. చెయ్యి పోయేది. ఇంకేం పోయేదో అల్లాకే తెలుసు" అని డాక్టరు నాతో చెప్పి పట్టీ పక్కన పడేశాడు. దూదీ అట్టా పెట్టి కుట్టిన పట్టెడ ఒకటి మెడకు కట్టించి, పది రోజులు కదలకుండా పడుకోమన్నాడు. శాంతమ్మను రోగుల దగ్గరికి రావొద్దని పంపేశాడు. మర్నాటి నుంచి ఆమె వసారా ఊడుస్తుంటే చీపురు చప్పుడు వినబడేది.

మూడు రోజులు ఆ చప్పుడు విన్నాను. నాలుగో రోజు రాజవ్వ గంజి గిన్నె చేతిలో పట్టుకుని, చైత్రం తర్వాత మొదటిసారి నాతో పూర్తిగా ఒక మాట మాట్లాడింది.

"నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

డాక్టరు వచ్చినప్పుడు చెప్పాను. పిలిపించింది నేను, బెదిరించింది నేను, ఆమె వద్దన్నది, చావడిలో తెలియదన్నది కూడా నేనే. డాక్టరు మొత్తం విని "అచ్ఛా" అని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. నేను ఇంకేదో ఎదురుచూశాను, తిట్టైనా తిడతాడని. ఆయనకు ఆరోజు ఇంకా ముప్పైమంది ఉన్నారు.

మర్నాడు తవుడు మూటలతో మళ్లీ శాంతమ్మే వచ్చింది.

"వేడెక్కువైతే చెప్పు పటేలా" అంది.

"శాంతమ్మా, నాది తప్పయింది."

"మెడ కదిలియ్యకు" అంది. మూట తీసి, తన ముంజేతికి ఆనించి వేడి చూసుకుని, మళ్లీ పెట్టింది.

నలభై రోజులు అలా గడిచాయి. పది రోజుల తర్వాత బరువు కట్టారు, మొదట ఇటుకరాయంత, తర్వాత కొంచెం కొంచెంగా. గడ్డం కింద పట్టీ ఒరుసుకుని పుండు పడింది. లాగుతున్న ఆ అరగంట భుజంలో నిప్పు ఆరినట్టుండేది. వదలగానే మళ్లీ వచ్చేది, కాని ప్రతిరోజూ కొంచెం ఆలస్యంగా వచ్చేది. తర్వాత కంపౌండర్ మెడ తిప్పడం నేర్పాడు, కుడికి, ఎడమకు, మెల్లగా, నొప్పి మొదలయ్యే చోటే ఆగాలి. ఒక రోజు బొటనవేలికి చూపుడువేలు తగిలింది. చిన్నపిల్లాడిలా రాజవ్వకు చూపించాను. ఆమె చూసి కొంగుతో కళ్లొత్తుకుంది.

ఈ నొప్పి ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. వయసుతో వచ్చిన పట్టు వచ్చినంత నిదానంగానే పోతుంది, పూర్తిగా పోదు. వేడి పెట్టుకోండి, దిండు తగ్గించండి, చెప్పినంత మేరకే కదపండి. తొక్కించుకోకండి. డాక్టరు అడిగినప్పుడు అబద్ధం చెప్పకండి. నా చెయ్యి మిగిలింది నా మంచితనం వల్ల కాదు.

శ్రావణం

పట్టెడ మెడకు ఉండగానే ఊరికి తిరిగొచ్చాను. మూడో రోజు చావడికి నడిచి వెళ్లి అందరినీ పిలిపించాను. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను, తీరా నిలబడితే ఒక్కటీ గుర్తు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. శాంతమ్మను నేనే పిలిచాను. బోర్లా పడుకున్నాను. ఆమె కాలు నా మెడ మీద పెట్టమని నేనే అన్నాను. బాణామతి లేదు, ఏమీ లేదు.

నవ్వుతారనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. ఎవరూ నవ్వలేదు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం కూడా లేదు. నర్సన్న చుట్ట కింద పెట్టి నింపాదిగా అన్నాడు.

"మాకు ఎర్కనే పటేలా. నీ మెడ పట్టుకున్నదని ఎర్క, ఆమె కాళ్ల పిల్ల అని ఎర్క. పొద్దుగాల కొట్టంలకు ఇంకెందుకొస్తది?"

"ఎర్క ఉంటే మరి ఎట్ల ఎల్లగొట్టిన్రు? కుండలెట్ల పగలగొట్టిన్రు?"

"నువ్వు తెల్వదంటివి. నీకు గట్ల గావాల్నేమో అనుకున్నం."

ఇంటికి ఎలా నడిచొచ్చానో తెలియదు. ఊరు మూఢనమ్మకంతో చేసిందని, నేను నోరు మూసుకున్నానంతేనని అన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఊరు నమ్మనే లేదు. నా పరువు కాపాడింది, అంతే.

ఆ వారమే తీర్మానం రద్దు చేయించాను. వాళ్ల గుడిసెకు కొత్త గడ్డి కప్పించాను. కుదుపులు వద్దని డాక్టరు చెప్పినా బండి కట్టించుకుని కామారెడ్డి వెళ్లాను. వాళ్ల సామాను తేవాలంటే బండి ఉండాలి కదా. స్టేషన్ వెనక చిన్న రేకుల గదిలో ఉన్నారు. దేవయ్య నన్ను చూసి లేచి బయటికి వెళ్లిపోయాడు. శాంతమ్మ పీట వేసింది.

జరిగిందంతా చెప్పాను. చావడిలో చెప్పేశానని, అందరికీ తెలుసని, ఇక ఎవరూ ఒక్క మాట అనరని. ఊళ్లో తల్లి ఎదురుచూస్తోందని. రమ్మని అడిగాను. నా బతుకులో ఆజ్ఞగా కాకుండా అడిగిన మాట అదొక్కటే కావచ్చు.

ఆమె చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

"అవ్వను ఈడికే తెచ్చుకుంట పటేలా. ఆమె నీ బండిల వస్తే పంపియ్యి."

"నువ్వు రావా?"

"కోపం లేదు నాకు. నువ్వు మంచిగైనవు, చాలు." చేట పక్కకు పెట్టి నావైపు చూసింది. "గని మల్ల నీకు ఎన్నడన్న సిగ్గయితే, నా గతేంది పటేలా?"

నేను లేచాను. బండి ఖాళీగానే తోలించుకుని వచ్చాను. ఊళ్లోకి వచ్చేటప్పుడు చావడి దగ్గర పదిమంది కూర్చుని ఉన్నారు. శాంతమ్మ ఏదని ఎవరూ అడగలేదు.